చేప కొవ్వు కింద వెండి నీళ్ళు

నేను ఒక సీసాలో నిలవున్న వెండి నీళ్ళను. బూడిద కలిసిన పసుపు రంగులో, పల్చని కషాయంలా కనిపిస్తాను. భీమవరం దగ్గర ఒక పరీక్షశాలలో షంషాద్ అనే అమ్మాయి నన్ను మరిగించి తయారు చేసింది. నాలో కంటికి ఆనని వెండి రేణువులు తేలుతుంటాయి. ఏదైనా రసాయనం వచ్చి వాటిని అంటుకుందా, లేజరు కాంతి పడగానే దాని గుర్తు ఎన్నో రెట్లు పెరిగి యంత్రం తెర మీద గీతగా లేస్తుంది. అంటుకోకపోతే నేను చేయగలిగిందేమీ లేదు. ఈ ముక్క మా డైరెక్టరు చయనులు గారి చెవిన పడేది కాదు. ఆయన నమ్మకమంతా యంత్రం మీదే.

ఒకరోజు సుభద్రమ్మ అనే చేపల రైతు ఐసు పెట్టెలో రెండు చేపలు తెచ్చింది. చేపలకు బూజు పట్టకుండా కొందరు నిషేధించిన పచ్చరంగు మందు వాడుతున్నారని ఆ వైపు గుసగుసలు.

"మా చెరువులో అలాంటియ్యేం వెయ్యలేదండి. అయినా చేపల పట్టుబడికి ముందే తేల్చుకుందామని వచ్చాను," అంది.

చయనులు గారు చేప ముక్కను నూరించి, ఆ రసాన్నే తిన్నగా నాలో కలపమన్నారు.

"కొవ్వు తియ్యకుండానా సార్?" అంది షంషాద్.

"మన యంత్రం అన్నీ చూస్తుందమ్మా. ఊరికే ఆలస్యం చెయ్యకు."

యంత్రం చూస్తుంది సరే, చూడటానికి నా దగ్గర ఏదైనా ఉండాలి కదా! చేప కొవ్వు, మాంసకృత్తులు ఒక్కుమ్మడిగా వచ్చి నా రేణువులన్నిటినీ కప్పేశాయి. మందు నా పక్కనే ఉంది, కానీ నన్ను ముట్టుకునే సందు దానికి దొరకలేదు. తెర మీద ఒక మొద్దు గుట్ట లేచిందే తప్ప గీత లేవలేదు. ఆయన "మందు లేదు" అని సంతకం పెట్టేశారు. అరవడానికి నాకు గొంతు లేదు. లేదని చెప్పింది నేను కాదు. నా నోరు మూసిన కొవ్వు.

సుభద్రమ్మ కొయ్యని రెండో చేపను తీసుకుని సంతోషంగా వెళ్ళింది. షంషాద్‌కు మాత్రం మనసు కుదుటపడలేదు. మర్నాడు, మిగిలిన చేప ముక్కను మళ్ళీ మెత్తగా నూరి, ద్రావకంలో కలిపి గిలకొట్టింది. గిర్రున తిప్పే యంత్రంలో పెట్టి మడ్డిని అడుక్కి దింపింది. పైన తేరిన ద్రవంలోంచి కొవ్వును వేరే ద్రావకంతో లాగేసి, మిగిలినదాన్ని ఆరబెట్టింది. ఆ ఆరిన పొరను రెండు చుక్కల ద్రావకంలో కరిగించి నాలో కలిపింది. ఈసారి నాకు అడ్డం ఎవరూ లేరు. మందు వచ్చి నన్ను గట్టిగా అంటుకుంది. గీతలు నిటారుగా లేచాయి.

చయనులు గారు తెర వంక చాలాసేపు చూశారు. "రిపోర్టు ఇచ్చేశాం కదమ్మా," అన్నారు.

"అందుకే ఇప్పుడే ఫోన్ చెయ్యాలి సార్," అంటూ ఆమె ఆయన ముందే చేసింది.

సుభద్రమ్మ చెరువు గట్టు మీదే ఉంది. వలలు దిగబోతున్నాయి. చేపలో మందు ఉందని షంషాద్ చెప్పింది.

"చెరువులో వెయ్యడానికి చేపపిల్లల్ని తెచ్చిన డ్రమ్ముల్లో నీళ్ళు పచ్చగానే ఉన్నాయమ్మా. నాచేమో అనుకున్నాను." తర్వాత వలవాళ్ళతో అన్న మాట ఫోన్‌లో దూరంగా వినిపించింది: "ఆపండ్రా. పట్టుబడి లేదు."

చేపల కోసం వచ్చిన లారీ ఖాళీగా వెనక్కి తిరిగిన మోత కూడా వినిపించింది. నేను సంతోషించాల్సిన మాటే. సంతోషించబోతుండగానే ఆమె గొంతు మళ్ళీ వచ్చింది.

"నిన్న మీరు ఏం లేదన్నారని ఆ చేపే వండి మా మనవలకి పెట్టానమ్మా. ఏమన్నా అవుద్దంటారా?"

షంషాద్ డాక్టరు పేరు చెప్పి, వెంటనే చూపించమంది. ఫోన్ పెట్టేశాక, గీతలు అలాగే నిలిచి ఉన్న తెర వైపు కూడా చూడకుండా నన్ను వ్యర్థాల డబ్బాలోకి ఒంపేసింది. ఇప్పుడు నేను అందులో నల్లని మడ్డిగా పేరుకుని ఉన్నాను. చేపలో ఏముందో చెప్పగలిగాను, అదీ వంట అయ్యాక. ఆ పిల్లలకు ఎలా ఉందో ఈ గదిలో ఇంకా ఎవరూ అనలేదు.