గట్టు మీద తీజ్ బుట్ట

పుట్టమన్ను వాసన. తడిసిన గోధుమల వాసన.

బుట్టలో మొలకలు వేలెడు లేచాయి… పచ్చగా, పొగరుగా.

నా భార్గవి పోసిన నీళ్లకు లేచిన మొలకలు.

తొమ్మిదేళ్ల పిల్ల. చదునైన వాకిట్లోనే పడిపోతుంది. చెంబు పడేస్తుంది, పళ్లెం పడేస్తుంది, తనూ పడుతుంది. మోకాలి దెబ్బ మానకముందే ఇంకోటి.

దిష్టి అన్నారు. మొద్దు అన్నారు.

మొద్దు అన్నవాళ్ల నోట్లో మన్ను పడ!

పాల్వంచలో ఫిజియోథెరపీ మేడం ఒక్కతే సరిగ్గా చెప్పింది — "కాళ్లల్ల బలముంది సరళా. మెదడుకు, కాళ్లకు ఇంకా పొత్తు కుదర్లే. రోజూ చేపియ్యి, కుదుర్తది."

చేయించాను. ఒంటికాలి మీద నిలబెట్టాను. పొట్టు కుక్కిన యూరియా సంచి మీద నిలబెట్టాను. పొలం గట్టు మీద నడిపించాను — ముందుకు, వెనక్కు, వానలో, బురదలో.

పడింది. లేచింది. పడింది. నన్ను తిట్టింది. లేచింది.

ఇంతలో మా లంబాడోళ్ల తీజ్ పండుగ వచ్చింది. తండాలో పెళ్లికాని ఆడపిల్లలంతా బుట్టల్లో గోధుమలు చల్లారు. చివరి రోజు ఎవరి బుట్ట వాళ్లు నెత్తిన పెట్టుకొని వాగుకు నడవాలి.

వాగుకు దారి… ఆ గట్టే.

మా అత్త రూప్లికి గుబులు పట్టుకుంది. "దీని బుట్ట దీని మేనత్త సంగీత మోస్తది తియ్. ఇది నీ చెయ్యి పట్టుకొని ఒస్తది. నడుమ పడ్డదనుకో, తండా నోరు మూస్తమా?"

"పడితే పడనీ అత్తా. లేస్తది. లేసుడు దానికి తెల్సినంత ఈ తండాల ఎవలికీ తెల్వది."

అత్త మూతి ముడిచింది. భార్గవి బుట్ట తనే ఎత్తుకుంది.

డప్పు. ఆడవాళ్ల పాట. తడి గట్టు.

పాటతో పాటు అందరి కాళ్లూ సాగాయి. నా పిల్ల కాళ్లు మాత్రం వాటి తీరున అవి… వెనకవాళ్లు ఆగాల్సి వచ్చింది. ఎవరో గొణిగారు.

గొణగనీ.

మధ్యలో నీళ్లు పారడానికి గట్టు తెంపారు. దాటాలి. అక్కడే కాలు జారింది. బుట్ట ఊగింది. నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది.

"చెయ్యి తియ్యి యాడీ!"

కన్నతల్లిని, నన్నే కసిరింది!

తీశాను. రెండు చేతులూ వెనక కట్టుకున్నాను. ఏడుపొచ్చింది. అంతకు మించి గర్వమొచ్చింది.

జారిన కాలు వెనక్కు లాక్కుంది భార్గవి. ఒంటికాలి మీద నిలబడింది. బుట్ట ఊగి… ఊగి… ఆగింది.

పాట ఎప్పుడో ఆగిపోయింది.

అప్పుడు మా అత్త అందుకుంది — అదే పాట, నెమ్మదిగా, మనవరాలి అడుగుకు సరిపడా. ఒక్కొక్కరే ఆ నడకకే గొంతు కలిపారు.

అవతలి గట్టు ఒక్క అడుగు.

భార్గవి కాలు ఎత్తింది.

పుట్టమన్ను వాసన. తడిసిన గోధుమల వాసన.

దాని నెత్తి మీద మొలకలు వణుకుతున్నాయి… పచ్చగా, పొగరుగా.