కాఫీ పండంత ఎరుపు

లుగానో దొడ్డికి కూర్చుని లేవగానే తల్లి సెకెలా వంగి చూసింది. ఆ ఇంట్లో ఆ పని ఆమెదే. నాలుగేళ్ళ పిల్ల మలం మీద మళ్ళీ ఎర్రటి చార. పిల్లకు నొప్పి లేదు, జ్వరం లేదు. కడిగించుకుని కోడిపిల్లల వెంట పరుగెత్తింది. లోపల ఎక్కడ తెగితే నెత్తురు ఇలా పైపైనే అంటుతుంది? భయం కంటే ముందు సెకెలాకు ఆ ప్రశ్నే వచ్చింది. వచ్చినందుకు సిగ్గు కూడా వేసింది.

భర్త అంబోకిలే నులిపురుగులన్నాడు. అత్తగారు అరటికాయ కూరలో మిరపకాయలు తగ్గించమంది, తమ వంశంలో ఎవరికీ ఇలాంటివి లేవని కూడా కలిపింది. మందు వేశారు, మిరపకాయ మానేశారు, చార మానలేదు. ఒకరోజు పిల్ల ముక్కుతుంటే పండిన కాఫీ కాయలాంటిదేదో ఎర్రగా బయటికి తొంగిచూసి, దానంతటదే లోపలికి పోయింది. ఆ సంగతి చెప్పబోతే అంబోకిలే కంచం అటు జరుపుకున్నాడు.

"తిననివ్వవా నన్ను?"

మర్నాడు సెకెలా పిల్లను ఎత్తుకుని టుకుయు పట్నంలో ఆసుపత్రికి బయలుదేరితే, అతనూ వెంట వచ్చాడు. అక్కడ మొదట మాట్లాడిందంతా అతనే. డాక్టర్ రెహెమా ఓపిగ్గా విని, నెత్తురు మలంలో కలిసి ఉంటుందా, పైన ఉంటుందా అని అడిగింది. అతను భార్య వైపు చూశాడు. సెకెలా అన్నీ చెప్పింది, ఆ ఎర్రటి కాయతో సహా.

పిల్లను తల్లి ఒళ్ళోనే పక్కకు పడుకోబెట్టి, డాక్టరు చేతి తొడుగు వేసుకుని మలద్వారం లోపల వేలితో మెల్లగా తడిమింది.

"ఇదిగో, కాడ ఉన్న చిన్న కండ. పాలిప్ అంటారు. పిల్లల్లో చాలావరకు ప్రమాదం లేనిదే. మత్తిచ్చి, కాడ దగ్గర కట్టి కోసేస్తాం. ముక్కను పరీక్షకు పంపుతాం."

"నా వంట వల్ల వచ్చిందా?"

"కాదమ్మా. ఎవరి వల్లా కాదు."

తీసేశాక సెకెలా చూస్తానంది. అంబోకిలే మొహం తిప్పుకున్నాడు. ఆ ముక్క వేసిన సీసాను వెలుతురుకు పట్టి ఆమె అటూ ఇటూ తిప్పింది. ఇల్లంతా ఇన్నాళ్ళు తనను అన్న మాటలకు మూలం ఇంతే. ఎవరైనా వేలు పెట్టి చూస్తే చాలు, తెలిసిపోయేది.

లుగానో పుట్టిన నాటి నుంచీ దగ్గినా, నీళ్ళ బిందె ఎత్తినా మూత్రం జారి తన గుడ్డ తడిసిపోతోంది. ఎందుకని తను ఎవరినీ అడగలేదు. గుడ్డ ఉతికి ఆరేసుకోవడమే. పిల్లది ప్రతి పొద్దూ వంగి చూసిన మనిషి, తనది ఒక్కనాడూ చూసుకోలేదు.

పిల్ల దగ్గర కూర్చోమని అంబోకిలేను పంపి, సెకెలా డాక్టరు గదిలోకి వెళ్ళి తలుపు వేసింది.

"డాక్టరమ్మా, ఇప్పుడు నన్ను చూడండి."