పాత బిళ్ళ, కొత్త బిళ్ళ

ఎల్విన్ పెటీగ్రో కొట్టుకు బోర్డు లేదు. అక్కర్లేదు కూడా. మేచియస్ ఊరు దాటాక ఆ సముద్రపు ఒడ్డున స్కాలప్ అనే తినే చిప్పల కోసం నీళ్ళలో దిగే ప్రతి మనిషికీ ఆ నీలం తలుపు తెలుసు. సిలిండరు గాలిని నోటికందించే రెగ్యులేటరు మర బాగుచేయించాలి, నమ్మకమైన చోటు చెప్పండి అని కొత్తవాడెవడైనా అడిగితే అందరిదీ ఒకటే మాట: ఎల్విన్‌కిచ్చి కళ్ళు మూసుకుని తెచ్చుకో. బాంగర్ పట్నంలో పెద్ద కొట్టే ఉంది. కానీ రెండు గంటల దూరం, పైగా అక్కడ మర విప్పేది ఎవరో ఏమో. మునిగినవాడికి నోట్లో ఉన్న ఆ మరే ప్రాణం. అది ముక్కూ మొహం తెలియనివాడి చేతికి ఎలా ఇస్తారు?

ఎల్విన్‌కి ఒక పద్ధతుంది. మరలో అరిగిన భాగాలు తీసి కొత్తవి వేశాక, ఆ పాతవాటిని చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి, పైన పెన్సిల్‌తో పేరూ తేదీ రాసి, మరకు కట్టి ఇస్తాడు. మార్చానో లేదో మీరే చూసుకోండి అని దాని అర్థం. ఎవరూ చూడరు. చూస్తే పెద్దాయన్ని అనుమానించినట్టు కదా! సంచి ఇస్తున్నాడంటేనే నిజాయితీపరుడు, ఇక విప్పడం దేనికి? అలా ఆ సంచులన్నీ ట్రక్కుల్లో, టిఫిను డబ్బాల కింద, తడి చేతి తొడుగుల మధ్య పడి ఉంటాయి.

రొవీనా కూడా ఎప్పుడూ విప్పలేదు. చిప్పలు ఏరడం మొదలుపెట్టి ఆమెకు పద్దెనిమిదేళ్ళు. మొగుడు హార్లన్ ఆ పనిలోనే పోయి రెండేళ్ళు. తాగి దిగాడని ఊరంతా చెప్పుకుంది. ఆ మాట మొట్టమొదట అన్నది రొవీనాయే. ఆ పొద్దున పడవలో ఇద్దరూ గొడవపడ్డారు. అతను కాఫీలో రమ్ము కలుపుకున్నాడు. శవాన్ని ఒడ్డుకు చేర్చాక పోలీసు షెరీఫ్ అడిగితే, "తాగాడండీ, వద్దన్నా దిగాడు" అని చెప్పింది. అత్తగారు మర్టిల్ ఆ రోజు నుంచి కోడలితో మాట్లాడలేదు. రొవీనాకూ పంతమే. మొగుణ్ణి పోగొట్టుకున్నది నేనైతే అలక ఆవిడకా అనుకునేది.

సోమవారం నుంచి చిప్పల సీజను. అంతకుముందు శనివారం, పోయిన వారమే ఎల్విన్ దగ్గర్నుంచి తెచ్చుకున్న మరతో రొవీనా సరదాగా ఒకసారి దిగి చూసింది. నలభై అడుగుల లోతున మర ఒక్కసారి బుస్సుమంది. నోట్లోకి గాలి వరదలా కొట్టింది, ఇక ఆగదు. ముఖం చుట్టూ బుడగలే, ఏమీ కనపడదు. కళ్ళ దగ్గరికి తెచ్చుకుంటే, సిలిండరులో గాలి చూపే ముల్లు చూస్తుండగానే పడిపోతోంది. భయపడి ఒక్క ఊపున పైకొస్తే ఊపిరితిత్తులు పగులుతాయి. ఆమె పళ్ళు బిగపట్టి, ఊపిరి వదులుతూ, మెల్లగా పైకి వచ్చింది. పడవ అంచు పట్టుకునేసరికి సిలిండరు ఖాళీ.

పడవలో ఉన్నది మరిది కర్టిస్. "ఏంటి వదినా, అప్పుడే వచ్చేశావ్? కింద చిప్పలన్నీ సెలవు పెట్టాయా?"

"గాలి... ఆగట్లేదు."

"మర ఎల్విన్ చేసిందేగా?"

"ఆయన చేసిందే."

"అయితే మరకేం కాలేదు. నువ్వే కంగారుపడి గట్టిగా పీల్చుంటావ్. వయసొస్తోంది, ఒప్పుకో మరి!"

రొవీనా నవ్వలేదు. నిన్నటిదాకా తనైనా అదే మాట అనేది. ఎల్విన్ చేసిన మరలో తప్పుండదు, ఉంటే మనిషిలోనే ఉండాలి. హార్లన్ సిలిండరు కూడా ఖాళీగానే దొరికింది. తాగిన మైకంలో గాలి చూసుకోలేదన్నారు.

ట్రక్కులో హీటరు ముందు కూర్చుంది. ఎదురుగా ఎల్విన్ మరకు కట్టిచ్చిన సంచి. ఈసారి విప్పింది. అరిగిన రబ్బరు రింగులు, వాటి మధ్య చొక్కా గుండీ అంత తెల్లటి ప్లాస్టిక్ బిళ్ళ. గాలిని ఆపేది ఆ బిళ్ళే. సంవత్సరం పాటు ఇత్తడి అంచు నొక్కీ నొక్కీ దాని మీద గుండ్రంగా గాడి పడుతుంది. అందుకే ఏటా మార్చాలి. ఈ సంగతి ఆమెకు నేర్పింది ఎల్వినే. కానీ చేతిలో ఉన్న బిళ్ళ మీద గాడి లేదు, గీత లేదు. నున్నగా, కొత్తగా మెరుస్తోంది. అంటే గాడిపడ్డ పాతది తిరిగి మరలోకే పోయింది. ఒకసారి తీసిన బిళ్ళ గాడి మళ్ళీ అదే చోట అంచుకు కూర్చోదు, గాలి ఆగదు.

అది హార్లన్ ట్రక్కు. రెండేళ్ళుగా ఆమె నడుపుతోంది గానీ డాష్‌బోర్డు అర ఖాళీ చేయలేదు. తెరిస్తే అతని పేరుతో ఏడు సంచులు. ఒక్కొక్కటే ఒళ్ళో కుమ్మరించింది. ఆరు బిళ్ళల మీద లోతుగా గాడి ఉంది. ఏడోది అతను పోవడానికి పది రోజుల ముందుది. దాని మీద ఏమీ లేదు. గాడి పడ్డదొకటి, నున్నటిదొకటి జేబులో వేసుకుని రొవీనా ట్రక్కును ఎల్విన్ కొట్టు వైపు తిప్పింది.

నీలం తలుపు తోసి లోపలికి వెళ్ళేసరికి ఎల్విన్ బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. గోడకు సోమవారం కోసం తయారైన మరలు పంతొమ్మిది, సంచులతో సహా వేలాడుతున్నాయి.

"ఎవరూ, రొవీనాయేనా? అడుగు చప్పుడే చెప్తుందిలే. శనివారం బీన్స్ వండే రోజు కదా తల్లీ, పొయ్యి మీదున్నాయి. తినేసి వెళ్ళు."

ఆమె మాట్లాడకుండా అతని ముందు బల్ల మీద పరిచిన ఆకుపచ్చ రబ్బరు చాప మీద రెండు బిళ్ళలు పెట్టింది. గాడి పడ్డదాన్ని అతని కుడివైపు, నున్నటిదాన్ని ఎడమవైపు. "వీటిలో కొత్తదేదో చెప్పు ఎల్విన్."

"ఇదేం పరీక్షమ్మా ఈ వయసులో?" అని నవ్వాడు. చెయ్యి తిన్నగా కుడివైపుకు పోయింది. బిళ్ళ తీసి, దీపం కింద అటూ ఇటూ తిప్పి, గోటితో రాశాడు. "ఇదిగో, ఇది."

"అది పాతది" అంది రొవీనా. అతను బిళ్ళను నెమ్మదిగా చాప మీద పెట్టేశాడు.

"కళ్ళు ఎప్పట్నుంచి?"

"మూడేళ్ళు. చూపు నడుమంతా పోయింది, పక్కలే మిగిలాయి. ఇప్పుడు నీ మొహం కనపడదు, చెవులు కనపడతాయి. వేళ్ళంటావా, నేనూ చిప్పలకు దిగిన రోజుల్లో చన్నీళ్ళలో నాని ఎప్పుడో మొద్దుబారాయి. పాతవి ఎడమవైపు, కొత్తవి కుడివైపు, అదే నా గుర్తు. మధ్యలో ఫోనొస్తే లేస్తాను. వచ్చి కూర్చునేసరికి చాప తిరిగుంటే..."

"హార్లన్ మరని పరీక్షించమని షెరీఫ్ నీకే తెచ్చిచ్చాడు."

"తెచ్చాడు. పెద్ద భూతద్దం కింద పక్క చూపుతో గంటసేపు చూశాను. పాత బిళ్ళే. గాడి మీద గాడి."

"లోపం లేదని రాసిచ్చావ్!"

"బిళ్ళ మార్చి రాసిచ్చాను."

"ఎందుకు?" గొంతు చించుకుని అరిచింది. "నా పెళ్ళిలో డాన్సు చేసినవాడివి! వాడి శవపెట్టె మోసినవాడివి! ఎందుకు?"

ఎల్విన్ చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "మర చేతిలో పెడుతూనే షెరీఫ్ అన్నాడు, వాళ్ళావిడే చెప్పింది, తాగి దిగాడట, ఊరికే మామూలుకి చూసిపెట్టు అని. ఆ మాట రాకపోతే నేను ఒప్పుకునేవాణ్ణేమో. ఏమో, కాదేమో కూడా. కానీ నువ్వు తలుపు తీసిపెట్టావు తల్లీ. నేను దూరిపోయాను."

అతన్ని కొట్టాలనిపించింది. చెయ్యి లేచింది కూడా. ఎవరిని కొట్టాలో తెలియక ఆ చెయ్యి అలాగే దిగిపోయింది. గోడ దగ్గరికెళ్ళి మరలన్నీ కొక్కేల నుంచి పీకి చేపలు మోసే ప్లాస్టిక్ తొట్టిలో పడేసింది.

"ఫోన్ తియ్యి. వీళ్ళందరికీ, ఇప్పటికే పట్టుకెళ్ళినవాళ్ళకీ నువ్వే చెప్పు, పేరుపేరునా."

అతను తడుముకుంటూ మొదటి నంబరు నొక్కాడు. సంగతి వింటూనే అవతల చిప్పలు ఏరే డ్వైట్ పకపకా నవ్వాడు. "పట్టపగలే ఏమైనా పుచ్చుకున్నావా పెద్దాయనా? నీ చేతి పని మీద నాకు అనుమానమా! సోమవారం వచ్చి తీసుకుపోతాలే."

"వద్దురా. నాకు కళ్ళు కనపడవు. అది పెట్టుకుని దిగితే చస్తావ్" అని మూడుసార్లు చెప్పాక గానీ ఆ నవ్వు ఆగలేదు.

మిగిలినవాళ్ళకు చెప్పడం వినడానికి రొవీనా నిలబడలేదు. తొట్టి ట్రక్కులో పెట్టుకుని తిన్నగా అత్తగారింటికి వెళ్ళింది. రెండేళ్ళలో ఆ మెట్లెక్కడం అదే మొదలు. మర్టిల్ తలుపు జానెడు తెరిచి నిలబడింది. రమ్మనలేదు.

"తాగడం వల్ల కాదు అత్తయ్యా. మర వల్ల. ఎల్విన్ తప్పు బిళ్ళ వేశాడు. ఇప్పుడే ఒప్పుకున్నాడు. ఆయనకు కళ్ళు పోయాయి." తడబడుతూ అంతా చెప్పింది. తనన్న మాటను సాకుగా పెట్టుకుని ఎల్విన్ తప్పుడు కాగితం రాసిచ్చిన సంగతి కూడా దాచలేదు.

ముసలావిడ తలుపు వదల్లేదు, కన్నీరు పెట్టలేదు. అంతా విని ఒక్కటే అడిగింది.

"ఎంత తాగాడు ఆ రోజు?"

రొవీనాకు ఆ పొద్దున కళ్ళముందు కదిలింది. రమ్ము ఫ్లాస్కు, పొగలు కక్కే కాఫీ, కోపంగా మూత తిప్పుతున్న హార్లన్.

"కాఫీలో... ఒక మూతెడు."

"మూతెడని చెప్పావా షెరీఫ్‌కి?"

"లేదు."

"ఎల్విన్‌కి కళ్ళు పోయాయి, సరే" అంది మర్టిల్. "నీకేమయింది?"

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది. రొవీనా మెట్ల మీదే నిలబడి ఉంది.