అవతలి వైపు ఎక్కేవాళ్లు

రాళ్ల క్వారీ కోసం కట్టిన స్టేషన్ మాది. క్వారీ మూతపడి నలభై ఏళ్లయినా, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ప్యాసింజర్ బండి నిమిషం సేపు ఆగుతూనే ఉంది. ఇక్కడ స్టేషన్ మాస్టర్ని నేనే, టికెట్లిచ్చేదీ నేనే, వెయిటింగ్ రూము ఊడ్చేదీ నేనే. ఆ ఒక్క నిమిషమూ పైవాళ్ల కళ్లలో పడింది. ఎందరు ఎక్కుతున్నారో చూడమని ఒక ఇన్‌స్పెక్టర్ని పంపారు. పదిమందైనా లేకపోతే వచ్చే నెల నుంచి బండి ఆగదట.

పొద్దున బండికి ఆయన ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. ముగ్గురు ఎక్కారు. చాలన్నట్టు ఫైలు మూసేశాడు.

నాకు ఒళ్లు మండింది. ఊరు మొత్తం పట్టాలకు అవతల ఉంది. వంతెనకు డెబ్భై రెండు మెట్లు. అందుకని జనం కంకర మీద స్టూలు వేసుకుని అటునుంచే బండెక్కేస్తారు. అందరివీ టౌనులో తీసుకున్న నెల పాసులు కాబట్టి నా టికెట్ల అమ్మకంలోనూ కనిపించరు. అలా ఎక్కడం తప్పు. ఇన్నేళ్లూ చూసీ చూడనట్టు ఊరుకున్నది నేను. ఇప్పుడు నోరు విప్పితే నా ఉద్యోగానికి నేనే ఎసరు పెట్టుకున్నట్టు. విప్పకపోతే, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు ఈ బండిలో వెళ్లే మా అత్తగారికి వేరే దారి లేదు.

పచ్చజెండా ఊపలేదు. ఎర్రది చూపించి, డ్రైవరును ఆగమని చెప్పి బండెక్కాను. అటునుంచి ఎక్కినవాళ్లందరినీ ఇటు ప్లాట్‌ఫారం మీదికి దిగి, పాసు చూపించి మళ్లీ ఎక్కమన్నాను. వాళ్లలో ఊరి దర్జీ ఒకడు, దొరికిన సీటు పోతుందని గొణిగాడు. మిగతావాళ్లూ కదల్లేదు. మా అత్తగారే ముందు లేచింది.

"మన బండి కోసం మా కోడలు ఉద్యోగం పోగొట్టుకుంటోంది. మీరు రెండు మెట్లు దిగలేరా?" అంది.

దిగారు. ఇన్‌స్పెక్టర్ ఒక్కొక్కరి పాసూ తిప్పి చూశాడు. ప్రతి దాని మీదా మా స్టేషన్ పేరే ఉంది. నలభై ఆరుగురు. ఆయన ముఖం మాడిపోయింది. బండి పదకొండు నిమిషాలు ఆలస్యమైందని, నా మీద రిపోర్టు తప్పదని అన్నాడు. రూలు తప్పింది నేనేనని ఒప్పుకున్నాను. భయం వేయలేదంటే అబద్ధం, కానీ తల దించలేదు.

"రాయండి సార్," అన్నాను. "ఆలస్యానికి కారణం కూడా రాయండి. ఎక్కే జనం ఎక్కువై, ఈ స్టేషన్లో ఒక్క నిమిషం చాలలేదని."