వాసన ఎవరిదైతేనేం

చర్చిలో ఆడవాళ్ల వైపు రెండో బెంచీలో వాసన వేస్తోందని సంఘంలో మొదట ఎవరన్నారో తెలియదు గాని, అది దూదమ్మ వాసనేనని తేల్చడానికి మాత్రం ఎవరికీ ఆట్టే సేపు పట్టలేదు. వారమంతా చీములో చేతులు పెట్టే మనిషి దగ్గర అత్తరు వాసన వస్తుందా అన్నారు. అదీ నిజమే మరి.

దూదమ్మ సంఘం వాళ్ల ఆస్పత్రిలో పుళ్లకు కట్లు కట్టే మనిషి. ఎంత దులుపుకున్నా జుట్టులో ఎక్కడో ఓ దూది పోగు ఉండేది. అందుకని పిల్లలు పెట్టిన పేరది. పెద్దలు కూడా అదే పట్టుకున్నారు. ఆవిడకూ అదే బాగుంది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం లోకరీతి. దూదమ్మ కూడా తడుముకుంది. ఇంటికి వెళ్లి తలంటుకుంది, బట్టలు సోడా వేసి ఉడకబెట్టింది, గోళ్లు రక్తం వచ్చేలా తోముకుంది. మరుసటి ఆదివారం రెండో బెంచీలో కూర్చుంది. వాసన అక్కడే ఉంది.

అప్పుడు తెలిసింది ఆవిడకు. అది ఉతకని బట్టల వాసన కాదు. గుడ్డ కింద దాచి, భయానికి కడగకుండా వదిలేసిన పుండు వాసన. పైన ఏదో సెంటు చల్లారు. దాంతో ఇంకా పాడైంది. పాట పాడుతూనే ఇటు జరిగింది, అటు జరిగింది. గోడవారగా కూర్చున్న పెద్దక్క పక్కకు చేరాక ఇక జరగడం మానేసింది.

పెద్దక్క సంఘపెద్దకు సొంత అక్క. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. భర్త పోయాక ఆ తమ్ముడి ఇంట్లోనే వెనక గదిలో ఉంటోంది. ముసలీ ముతకా అందరికీ ఆవిడ పెద్దక్కే. అంత ఎండలోనూ శాలువా కప్పుకుని, ఎడమ చెయ్యి పక్కకు అదుముకుని కూర్చుంది.

ఆరాధన అయ్యాక చర్చి వెనక కుళాయి దగ్గర పట్టుకుంది దూదమ్మ.

"అక్కా, ఎన్నాళ్లయింది?"

"ఏది?"

"శాలువా కింద ఉన్నది."

పెద్దక్క కుళాయి కట్టేసింది. మళ్లీ తిప్పింది. నీళ్ల చప్పుడులో అంది. "రొమ్ము మీద గడ్డ లేచింది. పగిలింది. నీకెవరు చెప్పారు?"

"ముక్కు చెప్పింది. రేపు మా గదికి రా. వెనక తలుపు తీసి ఉంచుతా. డాక్టరమ్మ ఉంటుంది. మగ పురుగు రాదు."

"చస్తే చూపించను."

"చూపించకపోతేనే చస్తావు."

"మా అమ్మ ఇదే జబ్బుతో పోయింది. పాకలో వేరే పడుకోబెట్టారు. అన్నం గిన్నె గుమ్మం అవతల నుంచి కర్రతో తోసేవాళ్లు. మా తమ్ముడు చిన్నవాడు, వాడికి గుర్తులేదు. నాకుంది. వాడు నన్నట్లా చూస్తుంటే నేను పోవాలా? చెప్పనని ఒట్టు వెయ్యి."

"ఒట్లు వెయ్యొద్దని ప్రభువు చెప్పాడు. మాటిస్తా. నీ నోటితో నువ్వు చెప్పేదాకా నేను చెప్పను. నువ్వొచ్చేదాకా మాత్రం నీ పక్కనే కూచుంటా."

"నా పక్కన ఎందుకే?"

"వాసన ఎవరిదో జనం ఎట్లాగూ తీర్పు చెప్పేశారు కదా. ఆ తీర్పును అట్లాగే ఉండనీ. నువ్వు తొందరగా రా, అంతే."

అదీ వాళ్ల మధ్య ఒప్పందం. సోమవారం దూదమ్మ వెనక తలుపు తీసి పెట్టింది. గాజుగుడ్డ ముక్కలు కత్తిరించి, పళ్లెం ఉడికించి, కొత్త దుప్పటి పరిచి చూసింది. పెద్దక్క రాలేదు. మంగళవారమూ రాలేదు. ఆదివారం వచ్చింది గాని అది చర్చికి. శాలువా ఇంకాస్త గట్టిగా చుట్టుకుని వచ్చింది. దూదమ్మ వెళ్లి ఆనుకుని కూర్చుంది. ముందు బెంచీ వాళ్లు ముక్కులకు గుడ్డ అడ్డం పెట్టుకున్నారు.

ఇంట్లో చెల్లెలు ఊరుకోలేదు. అక్కాచెల్లెళ్లిద్దరికీ ఒకటే గది, ఒకటే పొయ్యి, ఒకటే దీపం. నోరు మాత్రం చెల్లెలికే ఎక్కువ.

"నిన్ను చీము చెంబు అంటున్నారక్కా."

"చెంబేగా. పనికొచ్చే వస్తువే."

"వెనక కూచుంటే నీ సొమ్మేం పోతుంది? ఆ దర్జీ పెళ్లాం నాతో మాట్లాడ్డమే మానేసింది. సిగ్గు లేదా నీకు?"

"ఉండేది. ఆస్పత్రి మెట్ల మీద పడిపోయింది. వెతకలేదు."

ఆ మెట్ల సంగతి చెల్లెలికి తెలుసు. దూదమ్మ మొగుడు కాలి పుండు ముదిరి ఆ ఆస్పత్రిలోనే పోయాడు. చుట్టాలు పెద్దగా లేరు. ఉన్నవాళ్లు ముక్కు మూసుకుని వెళ్లిపోయారు. తర్వాత ఈవిడ మెట్ల మీద కూర్చుని లేవలేదు. ఎవరు పలకరించినా పలకలేదు. చివరికి ఓ ముసలి నర్సు బయటికొచ్చి, ఓదార్పు మాట ఒక్కటి కూడా అనకుండా ఒళ్లో బేసిన్ పెట్టింది. "ఏడుపొస్తే ఏడువు. చేతులు మాత్రం కదలకూడదు" అంది. లోపల ఎవరికో కట్టు మారుస్తున్నారు. బేసిన్ పట్టుకుంది. ఏడ్చింది. చేతులు కదల్లేదు. ఆ పుండువాడు కట్టు అయ్యాక నవ్వాడు. పళ్లు లేవు వాడికి. ఆ బోసి నవ్వు చూసి ఈవిడకు ఆకలేసింది. మొగుడు పోయాక మొదటిసారి ఆకలేసింది. ఆవేళ నుంచి ఆ గది వదల్లేదు. ఆ నర్సు కట్టు కడుతూ సన్నగా కూనిరాగం తీసేది. నర్సు పోయింది, రాగం దూదమ్మకు వచ్చింది. మాటలు లేని రాగం. దేవుడికి మాటలెందుకు, తెలుసుగా ఆయనకు అనేది.

ఓ మధ్యాహ్నం సంఘపెద్ద, పాస్టరుగారు ఇద్దరూ కట్ల గదికి వచ్చారు. దూదమ్మ రాగం తీస్తూ మూటలు మోసే కూలీ మడమకు మందు రాస్తోంది.

సంఘపెద్ద వడ్రంగి. చర్చిలో బెంచీలన్నీ ఆయన చేతి పనే. మనిషి చెడ్డవాడు కాదు, గీత గీస్తే గీత మీదే కొయ్యాలంటాడు. పాస్టరుగారిది గోడమీది పిల్లి వాటం. ఎవరి వైపూ దిగకుండా నడుమ నిలబడ్డారు.

"చెల్లెమ్మా," అన్నాడు సంఘపెద్ద, "వచ్చే ఆదివారం నుంచి బయట షెడ్డులో కూచో. మైకు పెట్టిస్తున్నా. అన్నీ వినపడతాయి."

"ఎందుకన్నయ్యా?"

"ఎందుకో నీకు తెలుసు. ఆడవాళ్లు వాక్యం వినలేకపోతున్నారు. మా అక్క నీ పక్కనే కూచుంటుంది. పాపం, ఇంటికొచ్చినా ఆ వాసన వదలట్లేదు ఆవిణ్ణి."

దూదమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట. ఆ మాటంటే షెడ్డూ ఉండదు, మైకూ ఉండదు. ఆ మాటను మింగింది. మాత్ర మింగినట్టు తల వెనక్కి ఎత్తి మరీ మింగింది.

"ఆదివారం వస్తాను. అక్కడే కూచుంటాను."

"మోయించాల్సొస్తుంది."

"మోయించండి. బరువు తక్కువే."

బల్ల మీది కూలీ కిసుక్కున నవ్వాడు. పాస్టరుగారు గోడ మీది క్యాలెండరు చూశారు. సంఘపెద్దకు కోపమొచ్చింది.

"ఆస్పత్రి కమిటీలో నేనూ ఉన్నాను. అది గుర్తుపెట్టుకో. మొండితనం చేస్తే ఈ గది కూడా ఉండదు నీకు."

వాళ్లు వెళ్లిపోయాక దూదమ్మ కట్టు ముడి వేయబోయింది. ముడి జారింది. బెంచీ పోతే పోయింది, నేల మీద కూర్చోవచ్చు. గది పోతే? ఈ చేతులు ఎక్కడ పెట్టుకోవాలి?

"రాగం ఆపేశావేమ్మా?" అన్నాడు కూలీ.

"నీ కాలు చెడ్డ కంపు రా అయ్యా. ఊపిరాడితేగా," అంది. ముడి వేసింది. మళ్లీ అందుకుంది రాగం. ఈసారి కాస్త గట్టిగానే, వరండా చివర దాకా వెళ్లినవాళ్లకు వినపడేట్టుగా.

ఆదివారం వచ్చింది. మొదటి పాట అయి అందరూ కూర్చునేసరికి రెండో బెంచీలో ఆడవాళ్లంతా లేచి వెనక్కి సర్దుకున్నారు. గోడవారగా ఇద్దరే మిగిలారు. వాకిట్లో షెడ్డు కింద ఒక కుర్చీ వేసి ఉంది. తలుపులోంచి అందరికీ కనపడుతూనే ఉంది.

పాస్టరుగారు గ్రంథం తెరవలేదు. సంఘపెద్ద లేచాడు.

"చెల్లెమ్మా, కుర్చీ వేయించాను."

"చూశానన్నయ్యా. ఇక్కడ బాగానే ఉంది."

"నీకు బాగుంటే చాలదు. ఈ బెంచీ నా చేతులతో చేశాను. ఎవరు కూచోవాలో..."

"బెంచీ చేసిన వడ్రంగి మీరే, కాదనను. చోటిచ్చిన వడ్రంగి పైన వేరే ఉన్నాడు. ఆయన లేవమంటే లేస్తాను."

మగవాళ్ల వైపు ఎవరో నవ్వు దాచుకోవడానికి దగ్గారు. సంఘపెద్ద చెవులు ఎర్రబడ్డాయి.

"అయితే విను. రేపట్నుంచి ఆస్పత్రిలో నీకు పని లేదు."

చెల్లెలు వెనక బెంచీలో తల పట్టుకుంది. దూదమ్మ ఒళ్లో చేతులు చూసుకుంది. ఆ చేతులు కదల్లేదు.

"సరేనన్నయ్యా. పని పోయినా ఆదివారం రావడం మానదు కదా. అప్పుడూ ఇక్కడే కూచుంటా. నా సంతోషం కమిటీ ఇచ్చింది కాదు, కమిటీ తీసెయ్యడానికి."

అప్పుడు ఆవిడ మణికట్టు మీద ఒక చెయ్యి పడింది. చెమట పట్టిన చల్లటి చెయ్యి.

"ఇక చాలే," అంది పెద్దక్క.

లేచింది. బెంచీ అంచు పట్టుకుని నిలదొక్కుకుంది. శాలువా ముడి విప్పింది. శాలువా జారి కింద పడింది. లోపలి బట్ట మీద ఎడమ వైపు పచ్చగా, ఎర్రగా మరక. వాసన పందిరికి పాకిన తీగలా బెంచీ నుంచి బెంచీకి పాకింది.

"ఒరేయ్ తమ్ముడూ. ఇది నాది రా. ఆవిడది కాదు. నీకు చెప్పొద్దన్నాను. చెప్పలేదు. నువ్వు దాని నోటికాడి కూడు తీసేస్తానన్నా చెప్పలేదు. అమ్మకొచ్చిందే నాకూ వచ్చింది. కర్రతో తోస్తావో, ఏం చేస్తావో చెయ్యి."

సంఘపెద్ద తాను కొయ్యబోయే కొయ్యలా నిలబడిపోయాడు.

లేవనన్న దూదమ్మ అప్పుడు లేచింది. శాలువా తీసి పెద్దక్క భుజాల మీద కప్పింది. "పాస్టరుగారూ, మీరు వాక్యం కానివ్వండి. మాకు ఆస్పత్రిలో పనుంది," అంది. ఇద్దరూ నడిమి దారిన నడిచి, వాకిట్లో ఖాళీ కుర్చీ పక్కనుంచి బయటికి వెళ్లారు.

డాక్టరమ్మ వచ్చి చూసింది. ముందొస్తే బాగుండేదంది. అయినా చెయ్యాల్సింది చాలా ఉందంది, నొప్పి తగ్గించొచ్చు, వాసన తగ్గించొచ్చు, మిగతాది పరీక్షలు చేశాక చూద్దామంది. దూదమ్మ తెర లాగి నీళ్లు వెచ్చచేసింది. తలుపు దగ్గర ఎవరో వెక్కుతున్నారు. సంఘపెద్ద. గడప దాటి రాలేదు.

దూదమ్మ తెర సందులోంచి బేసిన్ బయటికి చాపింది.

"పట్టుకోండి."

"నేనా?"

"మీరే. ఆవిడ మీకు అక్క కాదా? తెర ఇవతలికి చూడక్కర్లేదు. దూది వేస్తుంటా, పట్టుకోండి. ఏడుపొస్తే ఏడవండి. చేతులు మాత్రం కదలకూడదు."

గడప దాటాడు. పట్టుకున్నాడు. తడి దూది ఒకదాని తర్వాత ఒకటి బేసిన్‌లో పడింది. ఒకసారి మొహం పక్కకు తిప్పుకున్నాడు. బేసిన్ మాత్రం కదల్లేదు. గీత మీద కొయ్యడం తెలిసిన చేతులు అవి.

తెర లోపలి నుంచి సన్నగా వినపడింది. "తమ్ముడూ, ఉన్నావా?"

"ఉన్నానక్కా."

"పోలేదా?"

"పోలేదక్కా. ఇక్కడే."

పెద్దక్క పెద్దగా నిట్టూర్చింది. దూదమ్మ రాగం మొదలెట్టింది. కాసేపటికి దానికి తెర బయటి నుంచి ఇంకో గొంతు తోడైంది, తాళం తప్పుతూ.

కట్టు అయ్యాక బేసిన్ కడుగుతూ సంఘపెద్ద అడిగాడు. "నీకు అసహ్యం వెయ్యదా?"

"ఎందుకు వెయ్యదు? రోజూ వేస్తుంది."

"మరి ఎప్పుడూ అంత సంతోషంగా..."

"అసహ్యాన్ని అడిగి వస్తుందా సంతోషం? ప్రభువు ఈ బల్ల మీద పడుకుని ఉంటాడన్నయ్యా, రోజుకో మొహం పెట్టుకుని. నాకు చర్చిలో ఎంత వెతికినా దొరకనివాడు ఇక్కడ చెయ్యి చాపితే దొరుకుతాడు. దొరికాక మళ్లీ పోగొట్టుకుంటానా?" చేతులు తుడుచుకుని బొడ్డునున్న తాళంచెవి తీసింది. "అవునూ, రేపట్నుంచి పని లేదన్నారు కదా. ఇది ఎవరికివ్వాలి?"

ఆయన తల ఎత్తలేదు. "నీ దగ్గరే ఉండనీ, చెల్లెమ్మా."

"ఉంచుకుంటా. మీరు మాత్రం రేపూ రావాలి. కట్టు రోజూ మార్చాలి. బేసిన్ పట్టుకునే మనిషి లేడు నాకు."

మరుసటి ఆదివారం రెండో బెంచీలో గోడవారగా పెద్దక్క, ఆవిణ్ణి ఆనుకుని దూదమ్మ. బెంచీ ఈ చివర, ఆడవాళ్ల వైపు ఎన్నడూ కూర్చోని సంఘపెద్ద వచ్చి కూర్చున్నాడు. వాకిట్లో కుర్చీ ఎవరో తీసేశారు. వాసన తగ్గింది గాని పూర్తిగా పోలేదు. పోదు కూడా, ఇప్పుడిప్పుడే.

పాట మధ్యలో వెనక బెంచీలో ఒకావిడ చెయ్యి ముక్కు దాకా లేచింది. దూదమ్మ పాట ఆపకుండానే వెనక్కి తిరిగి చూసింది. మామూలుగానే చూసింది. ఆ చెయ్యి మెల్లగా కిందికి దిగింది. దూదమ్మ ముందుకు తిరిగి, ఎప్పటిలాగే శ్రుతి తప్పి, అందరికంటే గట్టిగా పాడింది.