ముద్ర పడాల్సిన చోటు

సుల్తాన్ ముద్రను కాచే పని కులుప్ ఇంట్లో ఏడు తరాలుగా ఉంది. వెండి ముద్రను కొవ్వొత్తి మంట మీద పట్టి, మసి కట్టాక కాగితం మీద నొక్కాలి. అంతకన్నా ముఖ్యం, చోటు. మనకన్నా చిన్నవాడికి రాస్తే మొదటి వరుసకు పైన, పెద్దవాడికి రాస్తే అడుగున.

తెల్లవాళ్ల యుద్ధనౌక నది మొగలో లంగరు వేసి నాలుగు రోజులైంది. వాళ్లు తెచ్చిన ఒప్పందం ప్రకారం ఒక దొర వచ్చి కొలువులో ఉంటాడట. మతం, ఆచారం తప్ప అన్నిటిలోనూ సుల్తాన్ అతని సలహా అడిగి, దాని ప్రకారమే నడవాలట. ఒప్పుకోకపోతే దాయాదిని గద్దె ఎక్కిస్తారు. సుల్తాన్‌కు మిగిలినవి రెండు ఫిరంగులు. అందులో ఒకటి తుప్పు పట్టింది.

"ఏం చేద్దాం కులుప్?" అన్నాడు సుల్తాన్.

"ఒప్పుకోండి ప్రభూ. ముద్ర పైన వేస్తాను. చూసినవాడెవడైనా వాళ్ల రాణి మీకన్నా కిందే అనుకుంటాడు. సలహా అంటారా, యజమాని నౌకరును అడగడా ఏమిటి?"

సుల్తాన్ మొహం తేటపడింది.

ఇంట్లో భార్య తెరా తమలపాకు మడుస్తూ, "ముద్ర పైనుంటే ఓడ మునిగిపోతుందా?" అంది.

"నీకేం తెలుసే రాతకోతలు?"

"రాత రాదు. ఫిరంగులు లెక్కపెట్టడం వచ్చు. వాళ్లవి పద్నాలుగు."

మర్నాడు ఓడ మీద కులుప్ ముద్రను పైనే నొక్కాడు. తెల్ల అధికారి వెంటనే కాగితం చుట్టేశాడు. తిరుగు పడవలో కొలువువాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు.

ఆరు నెలలకు, కొలువుకు వచ్చిన దొర ఊరి పెద్దలను మార్చేశాడు. సుల్తాన్‌ను అడగలేదు. "వెళ్లి ఆ ముద్ర చూపించు" అని సుల్తాన్ కులుప్‌ను పంపాడు.

దొర ఒప్పందం నకలు చూశాడు. "శుభ్రంగానే పడిందే."

"పైన పడింది దొరా."

"పైనైతేనేం, కిందైతేనేం? పడింది కదా." అతని గొంతులో వెటకారం లేదు. అదే కులుప్‌ను ఎక్కువ భయపెట్టింది. "మంచి సమయానికి వచ్చావు. ఈ హుకుములకు ముద్ర కావాలి."

బల్ల మీద కాగితాల దొంతర, పక్కన సిరా దిండు. కొవ్వొత్తి లేదు. సుల్తాన్‌కు తానిచ్చిన మాట కులుప్‌కు గుర్తొచ్చింది.

"ఎక్కడ వేయమంటారు దొరా?"

"ఖాళీ ఎక్కడుంటే అక్కడ."

పైన బోలెడు చోటుంది. కులుప్ మొదటి కాగితం అడుగున నొక్కాడు.