రుణం తీరిన సామాన్లు

ఎమ్మిగనూరులో నరసింహులు ఒక సామానును చూసి "దీని రుణం తీరింది" అన్నాడంటే ఇక రెండో మాట ఉండేది కాదు. అది టీవీ కావచ్చు, ఫ్రిజ్ కావచ్చు, ముసలివాళ్లు వదల్లేక దాచుకున్న రేడియో కావచ్చు. అతను ముందు స్క్రూడ్రైవరును కళ్లకద్దుకునేవాడు. వెనక మూత విప్పి చాలాసేపు ఏమీ మాట్లాడకుండా చూసేవాడు. బాగయ్యేదైతే బాగు చేసేవాడు. కానిదైతే ఆ మాట అని, చూసినందుకు ఒక్క రూపాయి తీసుకోకుండా మూత బిగించి ఇచ్చేవాడు. ముప్పై ఏళ్లలో ఆ మాట వందసార్లు కూడా అని ఉండడు. దానికి అంత బరువు అందుకే వచ్చింది.

మగ్గాలవాళ్ల ఇంట పుట్టినవాడు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చోవడం ఇష్టం లేక రేడియో పని నేర్చుకున్నాడు. సొంత దుకాణం కొన్నాళ్లు నడిచి మూతపడింది. అప్పుడు ఆదోని వ్యాపారి రఘునాథ్ పిలిచి, తన ఎమ్మిగనూరు షోరూంలో ఒక మూల టేబులు వేసి, పైన 'సర్వీసు: నరసింహులు' అని బోర్డు పెట్టించాడు. పదకొండేళ్లయింది. ఉదయం షట్టరు ఎత్తగానే రాఘవేంద్రస్వామి పటానికి ఊదుబత్తి వెలిగించే పని కూడా అతనిదే. ఎవరూ అప్పజెప్పింది కాదు. తనకు తాను పెట్టుకున్నది.

రఘునాథ్‌కు నాలుగు షోరూములు. ఆదోనిలో రెండు, మంత్రాలయంలో ఒకటి, ఎమ్మిగనూరులో ఒకటి. ప్రతి ఏడూ మార్చి దాటగానే, ఏ షోరూం ఎంత ఎదిగిందో లెక్క తీసేవాడు. ఎమ్మిగనూరు ఎప్పుడూ వెనకే. కిందటేడు ఆ లెక్క తీసుకుని తనే స్వయంగా వచ్చాడు. నరసింహులు టేబులు పక్కనే స్టూలు లాక్కుని కూర్చుని, ఇద్దరికీ టీ తెప్పించాడు.

"అన్నా, ఈ ఊర్లో నాకు పోటీ ఎవరో సెప్పు సూద్దాం."

"ఫోన్లో అమ్మేటోళ్లు కదా సార్."

"కాదు. నువ్వు."

నరసింహులు నవ్వాడు. రఘునాథ్ కూడా నవ్వుతూనే చెప్పాడు. పదేళ్ల టీవీని నువ్వు ఇంకో పదేళ్లు బతికిస్తావు, ఇంక కొత్తది ఎవరు కొంటారు అన్నాడు. ఫోన్లో అమ్మేవాళ్లతో ధరలో పోటీ పడలేం, వాళ్లకు లేనిది మనకు ఒకటే ఉంది, అది ఊరివాళ్ల నమ్మకం అన్నాడు. దాన్ని ఇన్నాళ్లూ రిపేరుకు ఖర్చు పెట్టాం, ఇక అమ్మకానికి పెట్టాలి అన్నాడు. ఐదేళ్లు దాటిన సామాను ఏది వచ్చినా నువ్వు ఆ ఒక్క మాట అంటే చాలు, పాతదానికి ఎక్స్ఛేంజి కింద ధర తగ్గిస్తాం, ఎవరికీ నష్టం లేదు అన్నాడు.

అది అబద్ధమవుతుంది కదా అని నరసింహులు మెల్లగా అన్నాడు.

"అబద్ధం యాడుందన్నా? పుట్టినదానికల్లా రుణం ఒకనాడు తీరేదే కదా. నువ్వు రెండేండ్లు ముందు సెప్తాండావు, అంతే."

పురాణం చెప్పేవాళ్లు కూడా అదే మాట అంటారు. మరి అదే మాట ఇక్కడ ఎందుకు చేదుగా ఉందో నరసింహులుకు తెలియలేదు. రఘునాథ్ లేచి వెళ్తూ టేబులునూ బోర్డునూ ఒకసారి చూశాడు. ఈ మూలలో ఏసీలు పెడితే రోడ్డుమీదికి బాగా కనబడతాయి కదా అని మేనేజరు ఉదయ్‌తో అన్నాడు. ఉదయ్ ఆయన తమ్ముడి కొడుకు. అవునన్నట్లు తలాడించాడు.

మొదటిసారి ఆ మాటను అబద్ధంగా, ముఖపరిచయం లేని మనిషితో అన్నాడు. టీవీ తెచ్చినవాడు వాదిస్తాడేమో, ఇంకోసారి చూడమంటాడేమో అని నరసింహులు భయపడ్డాడు. ఆ మనిషి సరేనని తలాడించి, నేరుగా కొత్త టీవీల వైపు నడిచాడు. వాదించి ఉంటే బాగుండేదని నరసింహులుకు తరువాత చాలాసార్లు అనిపించింది.

శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న జాతరలో రఘునాథ్ ఒక స్టాలు వేయించాడు. బస్సులు దిగే జనానికి ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ. దానిమీద నరసింహులు ఫోటో, కింద 'మీ సామాను రుణం తీరిందా? నరసింహులును అడగండి' అని అక్షరాలు. ఎమ్మిగనూరు షోరూంలో ఉచితంగా చూస్తామని కాగితాలు పంచారు. ఏటా స్వామికి మొక్కు తీర్చుకోవడానికి వచ్చే నరసింహులు ఆ ఏడు తన ముఖం కిందనే నిలబడ్డాడు. దర్శనానికి పోయినప్పుడు ఏం అడగాలో తోచలేదు. ఈరన్న అంటే నరసింహస్వామే, స్వామి పేరే తన పేరు. స్వామి అన్నిటికీ సాక్షి అంటారు. సాక్షి నోరు తెరవకపోతే తప్పు చేసినవాడికి అది ధైర్యమా, శిక్షా? నమస్కారం పెట్టుకుని బయటికి వచ్చేశాడు.

జాతర అయిన వారానికి సుభద్రమ్మ వచ్చింది. నేతగాళ్ల కాలనీలో ఆమెను ఎరగనివాళ్లు లేరు. భర్త మగ్గం మీద వచ్చేది బియ్యానికే చాలక, పదిహేనేళ్లుగా దోసెపిండి రుబ్బి అమ్ముతోంది. తోపుడుబండి మీద పెద్ద గ్రైండరును తాళ్లతో కట్టి తెచ్చింది. స్టీలు డ్రమ్ము మీద ఆమె పేరు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంది. నుదుటిమీద పెట్టినట్టే దానికీ కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

"మూలుగుతాండాది గానీ తిరగదప్పా. సేత్తో ఒక తోపు తోస్తే మాత్రం తిరుగుతాది," అంది.

ఆ మాటతోనే నరసింహులుకు రోగం తెలిసిపోయింది. కండెన్సర్ పోయింది. మోటారుకు ఏమీ కాలేదు. కండెన్సర్ తన టేబులు సొరుగులోనే ఉంది. బిగించడానికి పది నిమిషాలు చాలు. కాని వెనక ఉదయ్ నిలబడి ఉన్నాడు. ఎదురుగా సుభద్రమ్మ అతని ముఖం వంకే చూస్తోంది, డాక్టరును చూసినట్లు.

"దీని రుణం తీరిందక్కా," అన్నాడు.

ఆమె గ్రైండరు మీద చెయ్యి వేసి, ఆ చేతిని కళ్లకద్దుకుంది. ఇన్నేండ్లు అన్నం పెట్టింది పాపం అని, కొంగుతో దాని అంచు తుడిచి, లోపలికి పోయి కొత్తది బేరం చేసింది. అంతటితో ఆగలేదు. నరసింహులప్ప అబద్ధం చెప్పడని, ఎక్స్ఛేంజి ఉన్నప్పుడే మార్చుకోండని వీధిలో ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. ఒకరి ఫ్రిజ్, ఇంకొకరి టీవీ, ఇంకొకరి వాషింగ్ మిషన్. దీపావళి దాకా ఆమె వీధి నుంచే పదకొండు సామాన్లు వచ్చాయి. వాటిలో నిజంగా చచ్చినవి రెండు.

కార్తీకమాసంలో ఆదోని గోడౌన్లో మెకానిక్కు జబ్బు చేసిందని, పదిహేను రోజులు నరసింహులును అక్కడికి రమ్మన్నారు. పాత సామాన్లను తుక్కు కింద అమ్ముతారనే అతను అనుకున్నాడు. గోడౌన్లో గోడ పొడుగునా తను చంపినవన్నీ వరుసగా నిలబడి ఉన్నాయి. గోడౌన్ చూసుకునే మాదన్న, కిరసనాయిలు గుడ్డతో వాటి మీది పసుపు కుంకుమలు తుడుస్తున్నాడు.

"ఆయుధపూజ బొట్లన్నా. ఇవి ఉంటే పాతవని కనుక్కుంటారు," అన్నాడు మాదన్న. నరసింహులు ఇవి ఎక్కడికి పోతాయని అడిగితే వింతగా చూశాడు. "నీకు తెలీదా? నువ్వు బాగు సేస్తే సి.బెళగల్ పక్క పల్లెలకు పోతాయి. నువ్వు సంపుతావు, నువ్వే బతికిస్తావు. బ్రమ్మదేవునివి నువ్వు."

మాదన్న వేళాకోళానికే అన్నాడు. నరసింహులు ఆ రోజే ఆ పని వదిలి పోయి ఉండవచ్చు. పోలేదు. నెలల తరబడి ఒక్క పాత సామానునూ బాగు చేయని చేతులవి. ఒక టీవీలో వెలుగు రాగానే, ఒక ఫ్రిజ్ గుర్రుమనగానే ఆ చేతులకు సంతోషం కలిగింది. ఆ సంతోషమే అతన్ని అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది.

నాలుగో రోజు సుభద్రమ్మ గ్రైండరు వంతు వచ్చింది. కండెన్సర్ మార్చాడు. రాయి హాయిగా తిరిగింది. సి.బెళగల్‌లో ఒక హోటలువాళ్లు దీన్ని ముందే మాట్లాడుకున్నారని, సాయంత్రానికి బండి ఎక్కించాలని మాదన్న చెప్పాడు. తరువాత సానపట్టే మిషను తెచ్చి డ్రమ్ము మీది పేరును రుద్దడం మొదలుపెట్టాడు. చుక్కలు ఒక్కొక్కటే పోతున్నాయి. ఇది తెలిసినవాళ్లది, దీన్ని వదిలెయ్యి అనడానికి నరసింహులుకు ఎంతసేపు పట్టేది? నోటిదాకా వచ్చింది కూడా. ఒక్కటి వెనక్కిస్తే తక్కిన పదింటి సంగతి ఏమిటని రఘునాథ్ అడుగుతాడు. ఆ ప్రశ్నకు భయపడి నిలబడి చూశాడు. స్టీలు కొత్తదానిలా మెరిసింది.

ఈ ఏప్రిల్లో ఆదోనిలో ఒక కల్యాణమండపం తీసుకుని వార్షిక సమావేశం పెట్టారు. నాలుగు షోరూముల పనివాళ్లూ వచ్చారు. తెరమీద అమ్మకాల లెక్కలను కడ్డీల గ్రాఫులుగా వేసి రఘునాథ్ మాట్లాడాడు. మొత్తం వ్యాపారం నూటికి ఇరవై రెండు పెరిగింది. ఎమ్మిగనూరు ఒక్కటే ముప్పై ఎనిమిది. అందరూ చప్పట్లు కొట్టారు. మంత్రాలయంలో ఏం చేయాలో, కొత్తగా ఎక్కడ తెరవాలో చాలాసేపు చెప్పాడు. గోడౌన్ సంగతి తెరమీదికి రాలేదు. చివర 'ఇతర ఆదాయం' అని ఒక చిన్న కడ్డీ మాత్రం కనబడింది.

తరువాత నరసింహులును వేదిక మీదికి పిలిచారు. శాలువా కప్పి, రాఘవేంద్రస్వామి పటం చేతిలో పెట్టారు. ఈ ఎదుగుదల ప్రకటనలతో వచ్చింది కాదు, ఒక నిజాయితీపరుడి నోటిమాటతో వచ్చింది అన్నాడు రఘునాథ్. ఈ ఏడు నుంచి నాలుగు షోరూముల్లోనూ నరసింహులే మెకానిక్కులకు శిక్షణ ఇస్తాడని చెప్పాడు. స్క్రూడ్రైవరు కళ్లకద్దుకోవడం దగ్గర్నుంచీ అన్నీ నేర్పాలని చెప్పాడు. రెండు మాటలు మాట్లాడమంటే నరసింహులు నమస్కారం పెట్టి దిగిపోయాడు. వినయమనుకుని మళ్లీ చప్పట్లు కొట్టారు.

ఆ గురువారం ఉపవాసం ఉండి, మధ్యాహ్నం సుభద్రమ్మ ఇంటికి పోయాడు. ఆమె తిట్టాలి, వీధిలో నలుగురినీ పిలిచి ముఖం మీద ఉమ్మేయాలి అని అతని కోరిక. అంతకంటే తేలికైన దారి అతనికి కనబడలేదు.

సుభద్రమ్మ వసారాలో కొత్త గ్రైండరు పక్కన విసనకర్ర పట్టుకుని కూర్చుని ఉంది. ఎవరికి విసురుతున్నావక్కా అని అడిగితే గ్రైండరుకే అంది. చిన్న మోటారు, అరగంట తిరిగితే సెగలెక్కి ఆగిపోతుంది, చల్లారేదాకా కాచుకోవాలి. ఒక్క వాయిలో అయ్యే పిండికి ఇప్పుడు మూడు వాయిలు పడుతోంది. పిండి వెచ్చబడి తొందరగా పులుస్తోందని ఇద్దరు ముగ్గురు కొనడం మానేశారు కూడా. ఇదంతా ఫిర్యాదులా కాక వానాకాలం గురించి చెప్పినట్లు చెప్పింది.

నరసింహులు నిలబడే అంతా చెప్పేశాడు. కండెన్సర్ సంగతి, సొరుగు సంగతి, గోడౌన్, సి.బెళగల్ హోటలు, రుద్దేసిన పేరు. ఎక్కడా తడబడలేదు. చెప్పడం అయ్యాక తల వంచుకున్నాడు.

విసనకర్ర ఆగింది. సుభద్రమ్మ వీధి వైపు ఒకసారి చూసి, లేచి వాకిలి తలుపు దగ్గరికి వేసింది.

"నేను నమ్మను," అంది.

"నిజం అక్కా. ఈరన్న మీద ఒట్టు."

"నువ్వు ఎన్ని ఒట్లు పెట్టుకున్నా నేను నమ్మనప్పా. ఈ వీధిలో పది ఇండ్లోళ్లను నేనే సెయ్యి పట్టుకోని తోలుకపోయినా. నరసింహులప్ప మాట అంటే మాటే అని సెప్పినా. నువ్వు అబద్ధమాడినావని నేను ఒప్పుకుంటే, రేపట్నించి ఆ ఇండ్ల ముందర నేను ఎట్ల నడవాల?"

ఆమె గొంతు తగ్గించింది.

"నువ్వు సెప్పేసినావు, నీ బరువు దిగిపోయింది. నాది యాడ దించుకోమంటావు? ఈ మాట ఇంకెవురికీ సెప్పాకు. నాకూ సెప్పలేదనుకో."

ఆమె కోపంగా అనలేదు. కోపమే అయితే అతను భరించేవాడు. దేవుడి ముందు తప్పు ఒప్పుకుంటే పాపం పోతుందని చిన్నప్పటి నుంచీ విన్నాడు. ఒప్పుకున్న మాట ఎదుటివాళ్ల నెత్తిమీద పడుతుందని ఎవరూ చెప్పలేదు. పెద్దలు చెప్పలేదా, తను సరిగా వినలేదా?

సుభద్రమ్మ తలుపు తీసింది. వచ్చినవాడిని వట్టి చేతులతో పంపడం ఆమెకు అలవాటు లేదు. గిన్నెలోంచి పిండి తీసి కవరులో పోసి, మీ ఇంటామె నాగవేణికి ఇవ్వు, అట్లు పోస్తాది అని చేతిలో పెట్టింది. అతను వద్దనబోయాడు. పక్కింటామె గడపలో నిలబడి చూస్తోంది. నరసింహులప్పా, మా మిక్సీని ఒకసారి చూసి ఉంటుందో పోతుందో చెప్పి పో అని ఆమె పిలిచింది. అతను సుభద్రమ్మ వంక చూశాడు. ఆమె అతని వంక చూడలేదు. గ్రైండరు స్విచ్చు వేసుకుంది.

ఇంకోసారి వస్తానమ్మా అని చెప్పి నరసింహులు ఎండలో నడిచాడు. కవరు అరచేతికి వెచ్చగా తగులుతోంది. ఇంటికి చేరేసరికి అది ఉబ్బింది. నాగవేణి ముడి విప్పి వాసన చూసి, సుభద్రక్క పిండి ఎప్పుడూ ఇట్లుండదే, నడుమ యాడైనా ఎండలో పెట్టినావా అని అడిగింది.

పెట్టినానన్నాడు.